బుధవారం టోపీ

ఇట్లా రా, ముందు కూర్చో. అట్లా కాదే! కాళ్ళు సోఫా మీద పెట్టి, ఒక చెవిలో ఆ తెల్ల బుడిపె పెట్టుకొని వింటానంటే నేను చెప్పను. రెండు చెవులూ ఖాళీ చెయ్యి. ఆఁ, అట్లా. ఇప్పుడు ఫోన్లో ఆ ఎర్ర చుక్క నొక్కు. నడుస్తోందా? మధ్యలో "అమ్మమ్మా, మొమెంట్" అని లేచిపోయావంటే ఎక్కడ ఆపానో నాకు గుర్తుండదు. అసలే ఈ సంగతి నాకు సగం అర్థమై సగం కాక, ఇన్నాళ్ళూ అట్లాగే ఉండిపోయింది.

పొద్దున మీ అమ్మతో పోట్లాడావు కదా, వచ్చే ఏడాది నుంచి స్కూల్లో లాటిన్ మానేస్తానని, ఎప్పుడో చచ్చిన భాష నాకెందుకని. మీ అమ్మేమో నా వైపు చూసింది, నువ్వైనా చెప్పవేందమ్మా అన్నట్టు. నేనేం చెప్తా? నాకు లాటిన్‌లో ఒక్క ముక్క రాదు. మానేస్తే మానెయ్యి. కాకపోతే ఆ లాటిన్ కవులతో నేను ఉద్యోగం చేశా. నవ్వకు. జీతం తీసుకొని మరీ చేశా.

మీ తాతయ్యది కొత్తగూడెం పక్కన బొగ్గు గనుల ఊరు. గనుల చదువు చదవడానికే ఈ జర్మనీకి, క్లాస్తాల్‌కి వచ్చాడు, ఆయన వెనక నేనొచ్చా. చదువయ్యాక ఉద్యోగం కూడా అక్కడే దొరికింది. ఆ కొండల మీద వాన, మంచు, మళ్ళీ వాన చూసుకుంటూ ఉండిపోయాం. మీ అమ్మ పెద్దదై ఇట్లా డ్యూసెల్‌డార్ఫ్ వచ్చేసింది. తాతయ్య పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక నేను కొండ మీది ముసలాళ్ళ హోమ్‌లో చేరా. నర్సుగా కాదు. మందులూ స్నానాలూ మంచాలూ నర్సుల పని. నా పని కబుర్లు. చిన్న కోర్సు చేయించి కాగితం కూడా ఇచ్చారు. పేపరు చదివి వినిపించడం, పాత పాటలు పెట్టడం, తోటలో తిప్పడం, ఏడిస్తే చెయ్యి పట్టుకొని కూర్చోవడం. కబుర్లు చెప్తే జీతమిస్తారే అని కొత్తగూడెంలో మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్తే, "అయ్యో అక్కా, ఇక్కడ ఇన్నేళ్ళూ ఊరికే చేశావు గదే" అంది.

నాతోపాటు పోలండ్ ఆమె ఒకామె ఉండేది, నర్సు. పొడుగు మనిషి, గట్టి గొంతు. హోమ్ నడిపే మేడమ్ దగ్గర్నుంచి ఆగిపోయిన లిఫ్టు దాకా అందర్నీ ఒకే తీరుగా తిట్టేది. నా జర్మన్ వంకర నాది, ఆమె వంకర ఆమెది. ఆ రెండు వంకరలూ ఎట్లా కలిశాయో, మా ఇద్దరికీ బాగా అర్థమయ్యేది. మధ్యాహ్నం వెనక పెరట్లో బెంచీ మీద కూర్చొని తినేవాళ్ళం. నేను పులిహోర తెచ్చిన రోజున అడగడాలేమీ ఉండవు, నా చేతిలో స్పూను లాక్కొని నా డబ్బాలోంచే తినేది. నాకేమో ఎంగిలి! పక్కకు తిరిగి చీర చెంగుతో… చీర ఎక్కడిదిలే, యూనిఫాం అంచుతో స్పూను తుడుచుకునేదాన్ని. మొదట్లో. తర్వాతెప్పుడో తుడవడం మానేశా. ఎప్పుడు మానేశానో నాకే తెలీదు.

ఇంక లాటిన్ సారు. ఆయన కోసమే ఇదంతా చెప్తున్నది.

పై అంతస్తులో చివరి గది ఆయనది. జీవితమంతా పెద్ద స్కూల్లో లాటిన్ చెప్పి రిటైరైన మనిషి. కాళ్ళు పోయాయి, చక్రాల కుర్చీ. తలకాయ మాత్రం నీకన్నా నాకన్నా చురుకు. ఎవరితోనూ కలిసేవాడు కాదు. "సార్, కింద బింగో ఆడుతున్నారు, రండి" అంటే కళ్ళద్దాల మీంచి ఒక చూపు చూసేవాడు, అంతే, నేనే బయటికొచ్చేదాన్ని. పేపరు చదవనా అంటే, "వద్దు, కొత్త అబద్ధాలు అరగవు నాకు. పాతవి చాలు" అని రెండువేల ఏళ్ళ కిందటి రోమ్ కవుల పుస్తకం తీసేవాడు. ఆయన లాటిన్‌లో చదివి జర్మన్‌లో చెప్పేవాడు. నేను జర్మన్‌లో విని తెలుగులో అనుకునేదాన్ని. ఇన్ని గుమ్మాలు దాటొచ్చేసరికి లోపల సరుకెంత మిగిలిందో ఆ కవులకే తెలియాలి. నాకు చిక్కినంత వరకు చెప్తా. చావు వస్తుంది, దాన్ని మర్చిపోవద్దు, అట్లాగని దాని ముందే పీట వేసుకొని కూర్చోవద్దు. గొప్పోళ్ళ బల్ల దగ్గర చేతులు కట్టుకొని నిలబడే బదులు, నీ బల్ల దగ్గరికి నీకు నచ్చినవాణ్ణి పిలుచుకో, ఉన్నదేదో ఇద్దరూ తినండి. ఇంతే.

"ఇంతేనా సార్? ఇది మా అమ్మమ్మ కూడా చెప్పేది" అన్నా ఒకసారి.

"ఛందస్సులో చెప్పిందా?" అన్నాడు.

అట్లాంటి మనిషి.

ఆయనకి ఒక్కడే స్నేహితుడు. ఆ కొండల్లో గనులున్నన్నాళ్ళు గనిలో పనిచేసి ముసలైనవాడు, అందుకే నేను గనాయన అనేదాన్ని. మనూళ్ళో గని మనుషుల్ని చూసి పెరిగినదాన్ని కదా, ఆయన దగ్గు వింటేనే నాకు చుట్టపాయనలా అనిపించేది. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ. ఒకడేమో పై చదువుకి పోయాడు, ఇంకొకడు భూమి కిందకి పోయాడు. ఊళ్ళో సొంత ఇంట్లో ఉండేవాడు గనాయన. ప్రతి బుధవారం మధ్యాహ్నం కర్ర పొడుచుకుంటూ కొండెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి "గ్లూక్ ఔఫ్" అనేవాడు. గనిలోకి దిగేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునే మాట అది, క్షేమంగా పైకి రా అని. ఆ ఊళ్ళో అందరూ అంటారు గానీ ఆయన అంటే నిజంగా కిందికి దిగుతున్నట్టే ఉండేది.

అప్పుడు మొదలయ్యేది సంత. సారు ఒక పద్యం చదివి అర్థం చెప్పడం, గనాయన దానికి వంక పెట్టడం.

"చావంటే భయపడొద్దంట! రాసినవాడి నెత్తిన ఎప్పుడైనా కప్పు కూలిందా?"

"అది మనసు గురించి చెప్పాడు, మొద్దూ."

"వాడు రాస్తుంటే పక్కన వైన్ పోసింది ఎవడు? బానిస. ఏదీ, ఆ బానిసని రాయమను చావు గురించి. అప్పుడు వింటా."

సారు మొహం ఎర్రగా కందిపోయేది. గనాయన మీసాల్లో నవ్వుకునేవాడు. నేను మూలన కాఫీ పోస్తూ, వీళ్ళు స్నేహితులా పాలివాళ్ళా అనుకునేదాన్ని.

బుధవారం వచ్చిందంటే సారు నెత్తిన బూడిద రంగు ఉన్ని టోపీ ఉండాలి. గదిలో హీటింగ్ మండిపోతున్నా సరే, ఎండాకాలమైనా సరే. చలేమోనని నర్సులు కిటికీ మూసేవాళ్ళు. ఒకరోజు అడిగితే చెప్పాడు. రోమ్‌లో బానిసని విడిచిపెట్టినప్పుడు వాడి నెత్తిన ఒక టోపీ పెట్టేవాళ్ళట, ఇక వీడు ఎవరి సొత్తూ కాదని అందరికీ తెలిసేలా. "మిగతా వారమంతా నేను ఈ హోమ్ వస్తువుని. సూప్ ఏదో మీరే చెప్తారు, స్నానం ఎప్పుడో మీరే చెప్తారు. బుధవారం నాది" అన్నాడు. పిచ్చి అనుకున్నానా, నిజమనుకున్నానా… ఏదో అనుకున్నా. టోపీ సర్ది బయటికొచ్చా.

కరోనా వచ్చింది. నువ్వు అప్పుడు ఇంతున్నావు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని పళ్ళు ఊడిన నోటితో ఏబీసీడీ చదివేదానివి.

హోమ్ తలుపులు మూసేశారు. లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట. ఇక నా ఉద్యోగం ఏమైందో చూడు. చెయ్యి పట్టుకోవడం నా పని, చెయ్యి పట్టుకోకూడదన్నారు. నవ్వుతూ మాట్లాడటం నా పని, నోటికి గుడ్డ కట్టారు. నాకు మడి కొత్తేం కాదు. మా నాయనమ్మ మడి కట్టుకుంటే పిల్లలం ఆమడ దూరాన ఉండేవాళ్ళం. కానీ మడికి ఒక హద్దుంటుంది, వంటయ్యేదాకానో పూజయ్యేదాకానో. దీని హద్దేందో ఎవరూ చెప్పరు. రోజూ పొద్దున తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉండేది. గుడ్డ మాస్క్ చాలు అని ఒకటి. చాలదు, ముక్కుకి ముక్కులా ఉండే ఆ గట్టి మాస్కే కావాలి అని ఇంకొకటి. టెస్ట్ చేసుకొని రా. అవసరం లేదు. మళ్ళీ చేసుకొని రా. పోలండ్ ఆమె ఆ తలుపు ముందు నడుం మీద చేతులు పెట్టుకొని, "ఇవాళ ఏ మతం మనది?" అనేది.

మధ్యాహ్నం ఆ బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి స్పూను వాళ్ళది. పులిహోర వాసనకి ఆమె ఇటు తిరిగి చూసేది. మళ్ళీ తన డబ్బాలోకి చూసుకునేది. అట్లా తిట్టకుండా ఉంటే నాకు ఆ మనిషి మీద దిగులేసేది.

గనాయన మాత్రం బుధవారం మానలేదు. కింద చెట్టు దగ్గర నిలబడి పైకి అరిచేవాడు. సారు కిటికీ జానెడే తెరుచుకుంటుంది, ముసలాళ్ళు పడిపోతారని. ఆ జానెడు సందులో నోరు పెట్టి సారు ఏం చెప్తాడు? "రోమ్ కవిత్వం అరిచేది కాదు!" అని అరిచాడు ఒకసారి. "అయితే నీ కవులకి గొంతు లేదన్నమాట!" అని కింది నుంచి జవాబు. వానొచ్చినా నిలబడేవాడు. దగ్గొచ్చినప్పుడు చెట్టు వెనక్కి పోయి దగ్గేవాడు, సారుకి కనపడకుండా.

ఆకులు రాలే రోజుల్లో కొత్త కాగితం వచ్చింది. ఒక్కొక్క ముసలాయనకి, ముసలామెకి బయటి నుంచి ఒకే ఒక్క మనిషి రావచ్చు. ఒక్క పేరే రాయాలి, ఆ పేరున్న మనిషే రావాలి, ఫలానా రోజు ఫలానా టైముకని ముందే టెర్మిన్ తీసుకోవాలి. కింద హాల్లో నిలువెత్తు గాజు పలక, ఇటో కుర్చీ అటో కుర్చీ. పేర్లు అడిగి రాయించే పని నాకిచ్చారు. అందరూ కొడుకు, కూతురు, మనవరాలు అని రాశారు. ఒకామె కుక్క పేరు రాసింది. బాగా ఆలోచించే రాసింది పాపం, వెయ్యడానికి వీల్లేదంటే నాతో వారం మాట్లాడలేదు.

సారు గనాయన పేరు రాశాడు. పక్కన "ఏమవుతారు" అన్నచోట "స్నేహితుడు" అని.

ఆయనకి కొడుకున్నాడే! ఒక్కగానొక్క కొడుకు, ఇదే డ్యూసెల్‌డార్ఫ్‌లో పెద్ద ఆఫీసులో ఉద్యోగం, అరవైకి దగ్గర పడ్డవాడు. చిన్నప్పుడు నీలాగే లాటిన్ మానేశాడట. అప్పటి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాట పొడిపొడిగానే నడిచింది. అయినా కరోనాకి ముందు పండక్కి, పుట్టినరోజుకి వచ్చేవాడు, పూలు తెచ్చేవాడు, గడియారం చూసుకునేవాడు. మేడమ్ నన్ను పిలిచి, "మతి తప్పి రాశారేమో, మీరు మెల్లగా అడిగి చూడండి" అంది. ఆ కొడుకు కూడా ఫోన్ చేశాడు. "మీ మాట వింటారు నాన్న. నేనేమీ తగువు పెట్టుకోవడం లేదు. కానీ నేను… నేను కొడుకుని కదా" అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను పూర్తిగా కొడుకు వైపే. మనవాళ్ళెవరైనా అంతే కదా?

పోయి అడిగా. "సార్, పొరపాటున ఫ్రెండ్ పేరు రాశారు."

"పొరపాటు కాదు."

"కొడుకున్నాడు కదా మీకు."

"ఉన్నాడు. నేను రాయకపోయినా వాడు కొడుకే. పుట్టినప్పుడే రాశారు, చట్టంలో ఉంది, చర్చిలో ఉంది. ఆ గనివాడు నాకేమవుతాడని ఏ చట్టంలో ఉంది? నేను రాయకపోతే వాడు ఎవడూ కాదు."

"మా దేశంలో కొడుకే తలకొరివి పెట్టాలి సార్. చితికి నిప్పు పెట్టేది కొడుకే."

"నేనింకా చావలేదు కదా. చచ్చాక వాణ్ణే రానివ్వండి. ఆ టెర్మిన్ వాడిదే."

చూడు, ఎట్లా మాట్లాడాడో! నాకు కోపమొచ్చింది. ఇక నోటికొచ్చింది అనేశా, "మా దగ్గర ఈ గొడవే లేదు సార్. పదహారేళ్ళు దాటితే కొడుకు కూడా స్నేహితుడితో సమానమే అంటారు మా పెద్దవాళ్ళు. అట్లానే చూడాలంటారు."

కళ్ళద్దాలు తీశాడు. "పదహారా?" అన్నాడు. "అయితే నేను చాలా ఆలస్యం చేశాను." నవ్వాడో ఏడ్చాడో మాస్క్‌లో ఉండి నాకు అర్థం కాలేదు. వేళాకోళమే అనుకున్నా. పేరు మాత్రం మార్చలేదు. "ఈ ఇంట్లో నేను ఎంచుకోవడానికి మిగిలింది ఈ ఒక్క గీత" అని వేలితో ఆ పేరు మీద తట్టాడు.

కొడుక్కి ఫోన్ చేసి చెప్పా. "సరే" అని పెట్టేశాడు.

మొదటి బుధవారం నేనే టోపీ పెట్టి కిందికి తీసుకొచ్చా. గాజుకి అటు గనాయన, గడ్డం గీసుకొని, పెళ్ళికొచ్చినట్టు కోటు వేసుకొని ఉన్నాడు. పోలండ్ ఆమె, నేనూ తలుపు పక్కన నిలబడ్డాం. ఇన్ని నెలల తర్వాత ఎదురెదురుగా కూర్చొని ఏం మాట్లాడుకుంటారోనని మాకే ఆత్రం. ఏం మాట్లాడుకున్నారో చెప్పనా?

"లావయ్యావు."

"నువ్వు ముసలాడివయ్యావు."

అంతే. ఇక మాటల్లేవు. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. కాసేపటికి గనాయన కుర్చీలోనే కునుకు తీశాడు. సారు లేపలేదు, ఆయన నిద్రపోవడం చూస్తూ కూర్చున్నాడు. టైమైపోయింది. దీనికోసమా కన్నకొడుకుని కాదన్నది! పైకి తీసుకెళ్తూ అనేశా, "సార్, ఏమీ మాట్లాడుకోలేదే?" "చాలా బాగా మాట్లాడుకున్నాం" అన్నాడు. నాకర్థమయితే ఒట్టు. పోలండ్ ఆమెకి అర్థమయిందట. ముక్కు చీదుకుంటూ నన్నే తిట్టింది.

అట్లా చలికాలం దాకా వచ్చాడు గనాయన. రెండో బుధవారం నుంచే మళ్ళీ పద్యాలూ వంకలూ మొదలయ్యాయి, గాజు మీద ఆవిరి పట్టేదాకా.

క్రిస్మస్ దగ్గరికొచ్చింది. గనాయనకి ఆ జబ్బే వచ్చింది. కింద టౌన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్ళారు, నాలుగు రోజులు కూడా ఉండలేదు. వాళ్ళ కూతురు హోమ్‌కి ఫోన్ చేసి చెప్పింది. మేడమ్ మమ్మల్ని గదిలోకి పిలిచింది. మంచిదే ఆ మేడమ్, ఆ ఏడు ఆమె కూడా ఎన్నో రాత్రులు నిద్రపోలేదు, కళ్ళ కింద నల్లగా. "పండగ అయ్యేదాకా ఆయనకి చెప్పొద్దు, తట్టుకోలేడు" అంది. "బుధవారం కుర్చీ ఖాళీగా ఉంటే ఎట్లా?" అని పోలండ్ ఆమె అడిగింది. మేడమ్ దానికీ ఆలోచించింది. కొడుకుని పిలిపిస్తానంది. ఈ ఒక్కసారికి మినహాయింపు, కొడుకుని చూస్తే ఆ సంతోషంలో స్నేహితుడి సంగతి అడగడని. మాకందరికీ బాగానే ఉందనిపించింది. నిజంగా చెప్తున్నా, నాకైతే చాలా బాగుందనిపించింది. కొడుకొస్తున్నాడు, ఇంకేం కావాలి?

బుధవారం వచ్చింది. సారు టోపీ అడిగాడు. పెడుతుంటే, "మీ చేతులు చల్లగా ఉన్నాయి" అన్నాడు. "మంచు కదా సార్" అన్నా.

లిఫ్టులో కిందికొచ్చాం. హాల్లోకి మలుపు తిరగ్గానే గాజుకి అటు కొడుకు లేచి నిలబడ్డాడు. "నాన్నా" అన్నాడు.

సారు కొడుకుని చూశాడు. ఆ కుర్చీని చూశాడు. కొడుకు వెనక తలుపు దాకా చూశాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు.

"ఇక్కడ ఒక్క పేరే కదా నియమం?"

నేను వంగి కుర్చీకి బ్రేకు వేశా.

"నియమం మారిందా?"

మారిందని ఒక్క మాటంటే అయిపోయేది. ఆ ఏడంతా రోజూ మారుస్తూనే ఉన్నారు కదా, నేను రోజూ ఆ మాటే అంటున్నా కదా అందరికీ, సారీ సార్, నియమం మారింది, సారీ అమ్మా, నియమం మారింది అని. నాలుక చివర దాకా వచ్చింది. ఆ టోపీ నా కళ్ళెదురుగానే ఉంది.

"మారలేదు సార్" అన్నా.

"అయితే వాడు పోయాడు" అన్నాడు.

అడగలేదు, చెప్పాడు. టోపీ తీసి మధ్యకి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొడుకు గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అంత పెద్ద ఆఫీసు మనిషి, చిన్నపిల్లాడిలా, "నేను వెళ్ళిపోనా నాన్నా?" అన్నాడు. సారు ఒళ్ళో టోపీని ఇంకో మడత వేశాడు. టైమ్ చూడాల్సిన పోలండ్ ఆమె గడియారానికి వీపు పెట్టి నిలబడింది.

"నిన్ను ఏ పేరు మీద రానిచ్చారు?" అన్నాడు చివరికి.

"ఏమీ లేదు. మేడమ్ ఈ ఒక్కసారికి మినహాయింపు ఇచ్చారు."

"నా ముందు మినహాయింపుగా కూర్చోకు. కూర్చుంటే పేరుండి కూర్చో." నా వైపు తిరిగి, "ఆ కాగితం తెండి" అన్నాడు.

తెచ్చా. తనే గనాయన పేరు మీద గీత కొట్టాడు. ఆ గీత కొట్టడానికి ఎంతసేపు పట్టిందో! కింద కొడుకు పేరు రాశాడు. పక్కన "ఏమవుతారు" అన్నచోట మళ్ళీ "స్నేహితుడు" అనే రాశాడు. అలవాటులో రాశాడనుకొని నేను, "సార్, ఇక్కడ కొడుకు అని ఉండాలి" అన్నా.

"మీ దేశపు లెక్క" అన్నాడు. "పదహారు దాటింది."

కాగితం గాజుకి ఆనించి కొడుక్కి చూపించా. చదివాడు. మళ్ళీ చదివాడు. కూర్చున్నాడు.

తర్వాత మేడమ్ నన్ను పిలిచి, "మీరు చెప్పారా ఆయనకి?" అని గట్టిగానే అడిగింది. నేను నోరు తెరిచేలోపే పోలండ్ ఆమె వెనక నుంచి, "ఎవ్వరూ చెప్పలేదు మేడమ్. మీరు కొడుకుని కూర్చోబెట్టారు, ఆయనకి లెక్కలొచ్చు" అంది. మేడమ్ కుర్చీలో కూలబడి ఏడ్చింది. పోలండ్ ఆమె వెళ్ళి ఆమెకి కాఫీ తెచ్చింది, తిట్టుకుంటూనే.

సాయంత్రం కొడుకు కారు దగ్గర నిలబడి నాకోసం చూశాడు. "ఆ మాటకి నేను సంతోషించాలా, ఏడవాలా? నన్ను పైకెక్కించారా, కిందికి దించారా?" అన్నాడు. నాకేం తెలుసు! "మా దగ్గరైతే రెండూ చేస్తాం బాబూ" అన్నా. అదేం జవాబో. ఇప్పటికీ నాకు తెలీదు, ఆ ముసలాయన కొడుకుని క్షమించాడా, లేక గనాయన లేని కుర్చీ చూడలేక ఎవరో ఒకర్ని కూర్చోబెట్టాడా. ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తది. నువ్వేమంటావు? ఆఁ? "కైనె ఆనుంగ్" అంటావా? నాకూ అదే, ఏమీ తెలీదు.

కానీ ఆ కొడుకు ప్రతి బుధవారం వచ్చాడు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఆ కొండ మీదికంటే దగ్గరా ఏమన్నానా? మంచులో, అంతదూరం. రెండో వారం సారు టోపీ అడగలేదు. మూడో వారమూ అడగలేదు. కొడుకు మాస్క్‌లోంచి లాటిన్ చదివేవాడు, ఎప్పుడో మానేసిన చదువు. ఎన్ని తప్పులో పాపం, సారు పంటి నొప్పి వచ్చినవాడిలా కళ్ళు మూసుకొని వినేవాడు. దిద్దేవాడు కాదు. అది నాకు ఇంకా భయంగా ఉండేది. ఒకరోజు ఏదో పద్యం, జీవితం చిన్నది, తొందర పడకు, హాయిగా కూర్చో అనే లాంటిది. చదివి చదివి కొడుకు పుస్తకం దించి, "ఈ కవి ఎప్పుడైనా హైవే మీద స్టావ్‌లో ఇరుక్కున్నాడా, రెండు గంటలు కారు కదలకుండా?" అన్నాడు.

సారు కళ్ళు తెరిచాడు.

"అది మనసు గురించి చెప్పాడు, మొద్దూ" అన్నాడు.

మరుసటి బుధవారం పొద్దున నేను గదిలోకి పోగానే, "నా టోపీ ఎక్కడ?" అన్నాడు.

ఎండలు మొదలయ్యాక సారు పోయాడు. కరోనా కాదు, వయసు. నిద్రలో. ఆ టెర్మిన్ కొడుకుదే అన్నాడు కదా, కొడుకే అన్నీ చూసుకున్నాడు. టోపీ ఆయనతోపాటు శవపెట్టెలో పెట్టమంటాడేమో అనుకున్నా. తనే నెత్తిన పెట్టుకొని నిలబడ్డాడు, ఆ ఎండలో, చెమటలు కారుతుంటే. అక్కడున్న వాళ్ళంతా ఏమనుకున్నారో మరి.

పోవడానికి కొద్దిరోజుల ముందు సారు నన్ను ఒకటి అడిగాడు. "అందరి చేతా పేర్లు రాయించారు. మీరైతే ఎవరి పేరు రాస్తారు? ఒక్కటే." నేను నవ్వేసి, "మాకు చుట్టాలెక్కువ సార్, కాగితం సరిపోదు" అన్నా. ఆయన నవ్వలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు. లాటిన్ సార్లు జవాబు వచ్చేదాకా అట్లా చూస్తూ ఉంటారు, నీకు తెలుసు కదా.

ఆ తర్వాత నేను రిటైరయ్యా, మీ అమ్మ వచ్చి సామాన్లు సర్దేసి ఇట్లా తీసుకొచ్చేసింది. ఆఖరి రోజు కూడా బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను. నియమం ఇంకా ఉంది. ఆ రోజు పులిహోరే తెచ్చా. డబ్బా బెంచీ మధ్యలో పెట్టా, స్పూను దాని మీదే పెట్టా. ఆమె చూసింది. నేను చూశా. తలుపు మీద కాగితం ఏమంటోందో ఇద్దరికీ తెలుసు. అంతలో ఎవరో బెల్ కొడితే ఆమె లేచి…

ఏంది? నువ్వూ అదే అడుగుతున్నావా! "ఉండ్ దు, అమ్మమ్మా?" అంట, మరి నువ్వో అని. నన్నెందుకే ఇరికిస్తావు? ఎవరి పేరు రాస్తానంటే, మీ అమ్మ పేరే రాయాలి. కన్నకూతురు. రేపు నాకు ఏదన్నా అయితే చూసేది ఆమే కదా. అయితే… మీ అమ్మ, నేను రాయకపోయినా నా కూతురే కదే. పుట్టినప్పుడే రాశారు. మరి…

"అమ్మా! అన్నం పెట్టేశా! పప్పు చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!"

వస్తున్నానే! అరవకు, వస్తున్నా! నువ్వు అది ఆపకు, ఉండు. కాదు, ఆ ఎర్ర చుక్క నొక్కి ఆపు, ఈ మాట మీ అమ్మకి వినపడనీకు. ఇదిగో నా ఫోన్, ఇందులో పోలండ్ ఆమె నంబరు ఉండాలి, ఏ పేరు కింద పెట్టానో, వెతుకు. తిని చెయ్యి కడుక్కోగానే కలుపుదువు గానీ, ఆమెకి ఒక మాట చెప్పాలి, ఆ రోజు నువ్వు లేచి పోయాక ఆ స్పూను నేను తీయకుండా అట్లాగే బెంచీ మీద